దస్తావేజులాయన కొట్టలేదు

కనకాలపేట మలుపులో టిఫిన్ హోటలు దగ్గర పెసరట్టు కోసం నిలబడి ఉన్నాను. పెనం ముందున్న మనిషి అట్టు తిరగేస్తూ, నా వైపు చూడకుండానే, "పిల్లల్ని కొట్టే ముసలాయన పోయాడంటండి" అన్నాడు.

"ఏ ముసలాయన?"

"అదేనండి, ఫరంపేటలో దస్తావేజులు రాసేవోడు. మీ పాపనే కదండీ అప్పట్లో వాత తేలేలాగ..."

ఈ ఊళ్లో సగం ఇళ్ల స్థలాలు ఆయన చేతిరాతతోనే ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకి మారాయి. అన్నదమ్ముల పంపకాలు, రొయ్యల చెరువుల కౌలు కాగితాలు, చర్చి వెనక వీధిలో వీలునామాలు అన్నీ ఆయన రాసినవే. అవేవీ ఎవరికీ గుర్తు లేవు. పోయిన మనిషికి మిగిలిన పేరు 'పిల్లల్ని కొట్టే ముసలాయన'. ఆ పేరు పెట్టినవాణ్ని నేను.

"ఆయన కొట్టలేదు. నేనే కొట్టాను" అన్నాను.

పెనం మనిషి తలెత్తి చూసి నవ్వాడు. "మీది మంచి మనసండి బాబూ. పోయినోళ్ల గురించి చెడ్డగా అనకూడదని మీరలాగంటారు. ఉల్లిపాయ వేసేదాండి?"

పక్కన ప్లేట్లు పట్టుకున్న ఇద్దరు కూడా మెచ్చుకోలుగా తలలూపారు. నిజం చెబితే మంచివాణ్నైపోయాను. నోటితో చెప్పి లాభం లేదని అక్కడే అర్థమైంది. అందుకని రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు ఆయనంటే ఇష్టం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. పోయాడు కదా అని దండేసి దణ్ణం పెట్టే ఉద్దేశం లేదు. ఆయన పొగరుబోతు. ఎదుటి మనిషి నోరు తెరిస్తే ఎక్కడ తప్పు దొరుకుతుందా అని కాచుకుని కూర్చునే రకం. కానీ ఆయన నా కూతురి మీద చెయ్యి వెయ్యలేదు. రెండూ నిజమే.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు, మెడపట్టీకి చెమట అంటకుండా మడిచిపెట్టిన చేతిరుమాలు. మనుషుల్ని కూడా కాగితాన్ని వెలుగుకి పట్టుకుని చూసినట్టే చూసేవాడు. రిజిస్ట్రారు ఆఫీసు పనులన్నీ కంప్యూటర్లలోకి పోయాక, అక్కడ వాడిన వాలు రాతబల్ల తెచ్చుకుని పెంకుటింటి అరుగు మీద వేసుకున్నాడు. రాయడానికి దస్తావేజులు లేకపోయినా పొద్దున్నే స్నానం చేసి దాని ముందు కూర్చునేవాడు. ఎదురింటివాళ్లు పెళ్లికార్డు ఇస్తే, దాంట్లో తప్పులన్నీ ఎర్రపెన్నుతో దిద్ది, అడుగున 'దిద్దుబాట్లు ఆరు' అని రాసి, సంతకం పెట్టి, వాళ్ల గుమ్మంలోనే తిరిగిచ్చేశాడట. పెళ్లికి మాత్రం వెళ్లలేదు. ఆయన్ని ఆ పెళ్లికే కాదు, ఆ తర్వాత ఏ పెళ్లికీ ఎవరూ పిలవలేదు. దానికి ఆయనేం బాధపడినట్టు కనపడలేదు.

ఇంటికెవరైనా వస్తే మంచినీళ్లు కావాలా అని అడిగేవాడు కాదు. దాహమైతే వాళ్లే అడుగుతారని ఆయన లెక్క.

మా అమ్మాయి కరోనా బ్యాచి. బడి అంటే రెండేళ్లపాటు సెల్‌ఫోను. అగ్రహారంలో చిన్న ప్రైవేటు బళ్లో రెండో తరగతి అయ్యేటప్పటికి పాటలన్నీ వచ్చు, పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క వరస చదవలేదు. మేము చేర్పించాలనుకున్న పెద్ద బళ్లో మూడో తరగతికి పరీక్ష పెడతారు. డిక్టేషను, ఎక్కాలు, నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం. అది తప్పితే మళ్లీ రెండులోనే కూర్చోవాలి. వేసవి సెలవులు నెలా పదిహేను రోజులున్నాయి. ఫరంపేటలో ఒకాయన పిల్లలకి చెబుతున్నాడని మా ఆవిడ ఎవరి దగ్గరో విని, ముగ్గురం కలిసి వెళ్లాం.

"పాపని మూడో తరగతికి తయారు చెయ్యాలండి" అన్నాను.

"నువ్వేం చేస్తుంటావు?"

"రొయ్యల మేత ఏజెన్సీ అండి."

"చెరువులో మేత వేశాక ఏం చేస్తారు?"

ఈయనకిదెందుకా అనుకుంటూనే చెప్పాను. "చెక్ ట్రే అని ఉంటదండి. దాంట్లో కాస్త మేత వేసి నీళ్లలోకి దించి, గంటా గంటన్నర ఆగి పైకి లాగి చూస్తామండి. తిన్నాయా, మిగిలిందా అని."

"మిగిల్తే?"

"తర్వాతి పూట తగ్గిస్తామండి. లేకపోతే అడుగు కుళ్లిపోద్ది."

"రొయ్యకిచ్చిన మర్యాద కన్నపిల్లకివ్వవేంటయ్యా? తిందో మిగిలిందో చూడకుండా బస్తాలు కుమ్మరిస్తున్నావు. ఆ పుస్తకాల సంచీ చూడు, పిల్లకంటే బరువుంది."

మా ఆవిడ నవ్వేసింది. చేత్తో నోరు మూసుకుంది గానీ ఆలస్యమైపోయింది. ఆయన మాటకంటే ఆ నవ్వే నాకు ఎక్కువగా గుచ్చుకుంది.

"రోజూ పొద్దున్న ఆరున్నరకి తీసుకురా. ఆదివారం వద్దు. తండ్రి కూడా ఉండాలి. ఆ మెట్టు మీద కూర్చోవాలి. నోరు తెరవకూడదు."

"నేనెందుకండి?"

"రాయించుకునేవాడు ఎదురుగా లేకుండా నేనే కాగితమూ రాయలేదు. ఇప్పుడు కొత్తగా అలవాటు చేసుకోను."

మా అమ్మాయి తనకి నేర్పినట్టుగా చేతులు జోడించి "నమస్తే తాతగారూ" అంది.

"నేను నీకు తాతనెలా అయ్యాను? మీ నాన్న మా అబ్బాయా? ఏవండీ అను. సరిపోద్ది."

"ఏవండీ" అంది మా అమ్మాయి. దానికది బాగా నచ్చింది. ఇంటికొచ్చేదాకా స్కూటరు మీద "ఏవండీ, ఏవండీ" అనుకుంటూనే ఉంది.

అలా నేను ఆ మెట్టు మీద కూర్చున్నాను. ఊళ్లోవాళ్లు పాలకీ పూలకీ వెళుతూ చూసేవాళ్లు. "ఏంటండి, మీరు కూడా మూడో తరగతేనా?" అనేవాళ్లు. ఆయన అరుగు మీద నుంచి "ఇంకా రెండే" అనేవాడు. ఆ నవ్వులకి జవాబు చెప్పడానికి నాకు నోరు తెరిచే హక్కు లేదు.

మొదటి వారం పుస్తకమే ముట్టుకోనివ్వలేదు. ఆయనకి ప్రపంచంలో ఏదైనా నాలుగు హద్దులతోనే మొదలవుతుంది. స్థలం అమ్మినా కొన్నా ముందు తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది అని రాయాలి కదా. అదే పిల్లల చేత రాయించేవాడు. "నువ్వు కూర్చున్న చోటుకి తూర్పున ఏముంది? చూసి రాయి. నాకు తెలిసింది కాదు, నీకు కనపడింది." ముందు తెలుగులో, ఆ తర్వాత అదే ఇంగ్లీషులో. మా అమ్మాయితో పాటు ఇంకో నలుగురు పిల్లలుండేవాళ్లు. అందరూ అరుగు మీద అటూ ఇటూ తిరిగి, కాలవ, కొబ్బరిచెట్టు, పక్కింటి గోడ, సైకిలు అని రాసుకొచ్చేవాళ్లు. తర్వాత ఇంటి హద్దులు. ఆ తర్వాత మనుషుల హద్దులు.

మా అమ్మాయి నా గురించి రాసింది. ఆయన అది పట్టుకుని వీధికి వినపడేలా చదివాడు.

"మా నాన్నకి తూర్పు: ఫోను. పడమర: టీవీ. ఉత్తరం: మేత బస్తాలు. దక్షిణం: అమ్మ." కళ్లజోడు కిందకి దించి నా వైపు చూశాడు. "దక్షిణపు హద్దొక్కటే గట్టిదయ్యా. అది కూడా లేకపోతే ఈ స్థలం ఎప్పుడో ఆక్రమణ అయిపోయేది."

పిల్లలకి అర్థం కాకపోయినా పకపకా నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. నాకు వొళ్లు మండింది. దాని చేత నాలుగు వరసలు తప్పుల్లేకుండా రాయించాడన్న సంగతి నా బుర్రకి అప్పుడెక్కలేదు. సెలవుల ముందు తన పేరు రాయడానికి పెన్సిలు నమిలే పిల్ల అది.

ఇక రబ్బరు. ఆయన అరుగు మీదకి రబ్బరు రాకూడదు. దస్తావేజులో తప్పు పడితే చెరపడానికి వీల్లేదు. తప్పు మీద ఒక్క అడ్డగీత గీస్తారు, కిందిది కనపడేలాగే. పైన సరైనది రాస్తారు. పక్కన సంతకం. పేజీ అడుగున ఎన్ని దిద్దుబాట్లో అంకె వేస్తారు. ఆ పద్ధతే పిల్లలకి పెట్టాడు. ఏడేళ్ల పిల్లలు తప్పుకి అడ్డగీత గీసి, పైన దిద్ది, పక్కన పొడి అక్షరాలు వేసి, అడుగున 'దిద్దుబాట్లు 5' అని రాసేవాళ్లు. ఐదు రాసి నాలుగే ఉంటే ఊరుకునేవాడు కాదు. "ఇంకోటెక్కడ దాచావు?" అని వెతికించేవాడు.

ఒకసారి ఆయనే లెక్క తప్పు వేశాడు. మా అమ్మాయి పట్టుకుంది. "ఏవండీ, ఇది తప్పండి" అంది. ఆయన పుస్తకం దాని ముందుకి తోశాడు. అది గీత గీసి పైన దిద్దింది. "మీరు సంతకం పెట్టాలండి" అంది. ఊళ్లో ఎవరికీ తలవంచని ఆ మనిషి వంగి, నా కూతురు గీసిన గీత పక్కన సంతకం పెట్టాడు. అది చూసి తండ్రి సంతోషించాలి. నేను మొహం వీధి వైపు తిప్పుకున్నాను. ఏడేళ్లలో అది నాలో ఒక్క తప్పు కూడా చూపించలేదు. నేను చూపించనివ్వలేదు.

పరీక్షకి ఇంకా రెండు వారాలున్నాయి. తల్లికి వొంట్లో బాగోక మా ఆవిడ శుక్రవారమే ఇంజరం పుట్టింటికి వెళ్లింది. ఆదివారం మధ్యాహ్నం కరెంటు లేదు. గోదావరి మీద నుంచి గాలి కూడా లేదు. సరే, పిల్లకి ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఏడో ఎక్కం రాయమన్నాను. ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. ఏడు ఆర్ల దగ్గర నలభై నాలుగు అని రాసింది. ఒక క్షణం ఆగి, తనే చూసుకుని, గీత గీసి పైన నలభై రెండు వేసి, నాలిక బయటపెట్టి శ్రద్ధగా సంతకం చేస్తోంది.

"ఈ గీతలేంటి అసహ్యంగా? రబ్బరుతో చెరుపు" అన్నాను.

"చెరపకూడదు నాన్నా."

"ఎవరు చెప్పారు?"

"ఆయన."

"నేను చెబుతున్నాను, చెరుపు."

"చెరిపేస్తే ఆ తప్పు రేపు మళ్లీ వత్తదంట నాన్నా. గీత గీస్తే గుర్తుంటదంట."

చెక్క స్కేలుతో కొట్టాను. రెండు దెబ్బలు. మొదటిది బల్లపరుపుగా తగిలింది. రెండోది అంచుతో, మణికట్టుకి కాస్త పైన. తప్పు రాసినందుకు కొట్టలేదు. దిద్దుకుంది కూడా. నా మాట పక్కన ఆయన మాట పెట్టి, ఆయనదే తీసుకుందని కొట్టాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడానికి దీంట్లో ఏమీ లేదు.

అది ఏడవలేదు. లేచి నా బల్ల మీద రబ్బరు తెచ్చుకుని ఆ నలభై నాలుగుని చెరపడం మొదలుపెట్టింది. గీత, కింది అంకె, పై అంకె, సంతకం అన్నీ ఒకే చోటున్నాయి కదా. రుద్దగా రుద్దగా కాగితానికి చిల్లు పడింది. అప్పుడేడ్చింది, కాగితం చిరిగినందుకు.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. పిల్లకి నీళ్లు పోస్తూ వాత చూసింది. "ఇదేంటే? ఎవరు కొట్టారు?" అని అడిగింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను ముందుగదిలో నుంచి, "ఆ ముసలాడి దగ్గరకి పంపొద్దని నేను మొదట్నుంచి అంటూనే ఉన్నానా?" అన్నాను.

అంతే అన్నాను. శనివారం అరుగు మీదే తగిలిందనీ, నోరు తెరవకూడదన్న షరతుకి నేను ఊరుకున్నాననీ మిగతాది మా ఆవిడే అనుకుంది.

మర్నాడు పొద్దున్న మా ఆవిడా, పక్కింటావిడా ఆటోలో వెళ్లారు. నేను పిల్లని స్కూటరు మీద కూర్చోబెట్టుకుని వెనక వెళ్లాను. అప్పటికే మిగతా నలుగురు పిల్లలు అరుగు మీద ఉన్నారు. ఇద్దరి తల్లులు కూడా ఉన్నారు. నేను స్కూటరు దగ్గరే ఆగిపోయాను.

మా ఆవిడ పిల్ల చెయ్యి ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. "ఇదేంటండి? ఇదా మీరు చెప్పే చదువు?"

ఆయన ఆ చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. "నేను కొట్టలేదు" అన్నాడు. అంతకంటే వివరం చెప్పలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మీరు కాకపోతే ఇంకెవరు? ఒక పిల్లాడినో పిల్లనో పెంచిన మొహమైతే తెలిసేది. గొడ్డుపోయిన కొంప కాబట్టే మీకు పిల్లల నొప్పి తెలీదు!"

వీధి అంతా విన్నది. ఆయన పిల్ల సంచీలో నుంచి నోటు పుస్తకం తీసి, ఒక్కో పేజీ తిప్పుకుంటూ వెళ్లి, చివరి పేజీ దగ్గర ఆగాడు. ఏడో ఎక్కం. ఆరో వరస దగ్గర చిల్లు. ఆ చిల్లులో చిటికెనవేలు పెట్టాడు. పెట్టి, అందరి తలల మీదుగా నా వైపు చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

"చెప్పవే, ఎవరు కొట్టారు?" అంది మా ఆవిడ.

పిల్ల నా వైపు చూసింది. తర్వాత నేల చూసింది. "ఈయనే" అంది.

అందరూ ఒక్కసారి మొదలుపెట్టారు. ఆయన చెయ్యెత్తి, "మైనరు సాక్ష్యం చెల్లదు. తండ్రి ఉన్నాడుగా. ఆయన్ని చెప్పమనండి" అన్నాడు.

ఇప్పుడనిపిస్తుంది, అది నాకు ఆయన ఇచ్చిన అవకాశమని. అప్పుడలా అనిపించలేదు. రోజూ మెట్టు మీద కూర్చోబెట్టి నోరు మూయించిన మనిషి, నలుగురిలో నన్ను బోను ఎక్కిస్తున్నాడనిపించింది. అందరూ నా వైపు తిరిగారు.

"పిల్ల అబద్ధం చెబుద్దా అండి?" అన్నాను.

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. "సరే" అన్నాడు. పిల్లల వైపు తిరిగి, "లేవండి. ఎల్లండి. మీ మీ పుస్తకాలు మీరు తీసుకోండి" అన్నాడు. రాతబల్ల ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అది అరుగు మీదకి రాలేదు. పిల్లలూ రాలేదు.

ఒకటి మాత్రం గమనించాలి. ఆయన కొట్టాడని నేను నా నోటితో ఎప్పుడూ అనలేదు. ఇంట్లో ఒక ప్రశ్న అడిగాను. వీధిలో ఒక ప్రశ్న అడిగాను. నాలుగేళ్లుగా ఈ ముక్క పట్టుకునే నిద్రపోతున్నాను.

రెండు వారాల తర్వాత పరీక్ష జరిగింది. అయ్యాక అక్కడి మేడమ్ మమ్మల్ని లోపలికి పిలిచింది. నా కూతురి కాగితం ఆమె చేతిలో ఉంది. డిక్టేషనులో మూడు తప్పులు పడ్డాయి. మూడింటి మీదా అడ్డగీత, పైన సరైన మాట, పక్కన పొడి అక్షరాలు. అడుగున దిద్దుబాట్లు 3.

"మిగతా పిల్లలు చెరిపి చెరిపి కాగితాలు నల్లగా చేశారండి. ఈ అమ్మాయి తన తప్పు తనే పట్టుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుంది?" అని అడిగింది.

"ఇంట్లోనేనండి. నేనే కూర్చోబెట్టాను" అన్నాను.

సీటు ఇచ్చారు. బయటికొచ్చి ఐస్‌క్రీమ్ కొనిచ్చాను. పిల్ల తినలేదు, కరిగి మోచేతి దాకా కారిపోయింది. వేసవి కదా అనుకున్నాను.

ఆయన ఊరు వదిలి వెళ్లలేదు. ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. పంచాయితీ పెట్టించలేదు. కానీ నన్ను వదిలిపెట్టాడని అనుకోకండి. చేపల మార్కెట్లో, మందుల షాపులో, ఎలక్షను లైనులో ఎక్కడ కనపడినా ఆగి, అందరూ వినేలా, చాలా మర్యాదగా అడిగేవాడు.

"ఏడు ఆర్లెంతయ్యా?"

మొదటిసారి నేను తెల్లమొహం వేశాను. రెండోసారి తల తిప్పుకున్నాను. పక్కనున్నవాళ్లు "పాపం ముసలాయనకి మతి పోతున్నట్టుందండి" అనేవాళ్లు. "అవునండీ, పాపం" అనేవాణ్ని. ఈ ఒక్క ప్రశ్నకి దడిచి కొన్నాళ్లు చేపలకి కూడా మా ఆవిడనే పంపాను. ఒకసారి నా కస్టమర్ల ముందు, నా ఏజెన్సీ మెట్ల దగ్గర ఆగి అడిగాడు. నాకు రక్తం మరిగిపోయింది. "నలభై రెండు! చాలా?" అని అరిచాను.

"అయితే వచ్చన్నమాట" అని వెళ్లిపోయాడు.

అదే మా మధ్య జరిగిన చివరి సంభాషణ. అప్పుడైనా వెనకాల వెళ్లి ఒక్క మాట అని ఉండొచ్చు. షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను.

ఆయన పోయాక తాళ్లరేవు నుంచి ఎవరో మేనల్లుడు వచ్చి దహనం చేయించాడట. మోయడానికి మనుషులు చాలక ఆటోస్టాండు వాళ్లని పిలిచారట. నేను వెళ్లలేదు. చావు సంగతి నాకు తర్వాత తెలిసిందని చెప్పుకోవచ్చు గానీ అది కూడా నిజం కాదు. పెసరట్టు దగ్గర విన్నప్పటికి ఇంకా శవం ఇంట్లోనే ఉంది.

ఇంతవరకు రాసి, మొన్న ఆదివారం మా అమ్మాయికి చూపించాను. ఇప్పుడు ఏడో తరగతి. నా భుజం దాకా వచ్చింది. మా ఆవిడ పెరట్లో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. పిల్ల బల్ల దగ్గర కూర్చుని, ఎక్కడా ఆగకుండా మొత్తం చదివింది.

"ఒకటి లేదు దీంట్లో" అంది.

"ఏది?"

"స్కూటరు."

"రాశాను కదమ్మా, స్కూటరు మీద తీసుకెళ్లానని."

"మధ్యలో ఆపింది రాయలేదు."

మర్చిపోయానని అనబోయాను. దాని మొహం చూస్తే అనబుద్ధి కాలేదు. మర్చిపోలేదు కూడా.

ఆ సోమవారం పొద్దున్న గోదావరి గట్టు మీద స్కూటరు ఆపాను. పిల్లని దింపి, దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, "అమ్మ అడిగితే ఆయనే కొట్టాడని చెప్పు. నాన్న కొట్టాడని తెలిస్తే అమ్మ ఇంజరం వెళ్లిపోద్ది. ఇంక రాదు" అన్నాను. "ఏం చెబుతావు?" అని రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. అంటే, నా నోటితో ఎప్పుడూ అనలేదని పైన రాసింది అబద్ధం. దాన్ని తీసెయ్యడం లేదు. అక్కడ చదివినవాళ్లు ఇక్కడ ఇది కూడా చదవాలి.

"ఆయనకి తెలుసు" అంది మా అమ్మాయి.

"పుస్తకంలో చిల్లు చూశాడుగా."

"అది కాదు. నేనే చెప్పాను. ఫిఫ్త్‌లో సైకిలొచ్చాక ఫరంపేట వెళ్లి చెప్పాను. సారీ కూడా చెప్పాను."

"ఏమన్నాడు?"

"తెలుసులే అన్నారు. గేటు వేసి ఎల్లమన్నారు."

"అంతేనా?"

"గొళ్లెం సరిగ్గా పడలేదని మళ్లీ వెనక్కి పిలిచి వేయించారు."

కాగితాలు నా ముందుకి జరిపి, "అమ్మకి చదివావా?" అంది.

లేదన్నాను. ముందు నిన్ను చూడమందామని, తర్వాత మెల్లగా... అని ఏదో అంటున్నాను.

"అమ్మా! చెయ్యి కడుక్కుని ఒకసారి రా. నాన్న నీకేదో చదువుతాడంట."

"ఏంటండి, సగం పనిలో?" అంటూ మా ఆవిడ వచ్చి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ గుమ్మానికి ఆనుకుని కింద కూర్చుంది. నేను మొదటి నుంచి చదివాను. గొడ్డుపోయిన కొంప అన్న మాట దగ్గర ఒక వరస దాటేశాను. "అది కూడా చదువు నాన్నా" అంది పిల్ల. చదివాను. స్కూటరు సంగతి అప్పటికింకా కాగితం మీద లేదు. అది నోటితో చెప్పాను.

మా ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక చేతులు మళ్లీ ఒకసారి చీరకి తుడుచుకుంది.

"నేనాయన్ని ఆ మాటన్నప్పుడు మీరెక్కడున్నారు?" అంది.

"స్కూటరు దగ్గర."

"మీకు వినపడిందా?"

"వినపడింది."

"ఆయన పోయి ఎన్నాళ్లయింది?"

"పన్నెండు రోజులు."

"మరి నేనిప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. లేచి పెరట్లోకి వెళ్లి, గిన్నె ముందు కూర్చుని, సగంలో వదిలేసిన రొయ్యలు వలవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి వెళ్లి పక్కన పీట వేసుకుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది. నన్ను రమ్మని ఇద్దరిలో ఎవరూ అనలేదు.